కూకట్‌పల్లి జిమ్ములో అమ్మిన పన్నెండు వారాల ‘కోర్సు’: ఒక ఫార్మసిస్టు సమీక్ష

నేను ఇరవై రెండేళ్లుగా హైదరాబాద్‌లో మందుల దుకాణం నడుపుతున్నాను. కూకట్‌పల్లి ప్రాంతంలోని ఒక జిమ్ములో కండలు పెంచే ‘కోర్సు’ పేరుతో మా మేనల్లుడికి అమ్మిన స్టెరాయిడ్ సరుకును నా కౌంటరు మీద పెట్టుకుని, డిస్ట్రిబ్యూటర్ పంపిన పెట్టెలను రోజూ ఎలా తనిఖీ చేస్తానో అలాగే తనిఖీ చేసి ఈ సమీక్ష రాస్తున్నాను. జిమ్ము పేరు రాయడం లేదు. రాస్తే ఆ ఒక్కచోటికి వెళ్లకపోతే చాలునని చదివేవారు అనుకునే ప్రమాదం ఉంది. నాకు తెలిసినంతలో ఇదే సరుకు, ఇదే మాటలతో, చాలాచోట్ల అమ్ముడవుతోంది.

జిమ్ము విషయం త్వరగా చెప్పేస్తాను. యంత్రాలు కొత్తవి, నేల శుభ్రంగా ఉంటుంది, ఉదయం ఐదు గంటలకే తలుపులు తీస్తారు. బరువులెత్తేటప్పుడు నడుము వంగితే వెంటనే వచ్చి సరిచేసే ట్రైనర్లు ఉన్నారు. ఏడాదికి 14,000 రూపాయల రుసుము ఆ ప్రాంతంలో ఎక్కువేమీ కాదు. ఇంతవరకే అయితే నేనే పదిమందికి చెప్పి పంపేవాడిని.

మా అక్క కొడుకు వయసు ఇరవై ఒకటి. కానిస్టేబుల్ ఉద్యోగానికి సిద్ధమవుతూ, పరుగుకూ దేహదారుఢ్యానికీ పనికొస్తుందని అక్కడ చేరాడు. మూడు నెలలు బాగానే సాగింది. నాలుగో నెలలో ట్రైనర్ వాడిని పక్కకు పిలిచి, “నేచురల్‌గా అయితే రెండేళ్లు పడుతుంది తమ్ముడూ, కోర్సు వేస్తే మూడు నెలలు చాలు” అన్నాడట. పన్నెండు వారాల కోర్సుకు 28,000 రూపాయలు, అంటే జిమ్ము రుసుముకు సరిగ్గా రెట్టింపు. ఫోను ద్వారా డబ్బు పంపించుకున్నది ఆ ట్రైనర్ పేరు మీద కాదు, జిమ్ము పేరు మీద అసలే కాదు, వాడు ఎన్నడూ చూడని మూడో మనిషి పేరు మీద. రసీదు లేదు. నాలుగో రోజున ‘హెల్త్ సప్లిమెంట్’ అని రాసిన కొరియర్ డబ్బాలో రెండు పది మిల్లీలీటర్ల సీసాలు, ఒక మాత్రల డబ్బా, ఒక సిరంజిల పొట్లం వచ్చాయి. ఒక సీసా మీద మెథెనోలోన్ అనీ, మాత్రల మీద ఆక్సాండ్రోలోన్ అనీ రాసి ఉంది. రెండో సీసా కూడా మొదటిదానికి జతే. రెండూ మగ హార్మోనులా పనిచేసి కండలు పెంచే స్టెరాయిడ్లు. ఈ రెండూ ‘మైల్డ్’ అనీ, ‘సైడ్ ఎఫెక్టులు లేని ఖరీదైన సరుకు’ అనీ చెప్పి అమ్మారు. ఆక్సాండ్రోలోన్‌కు అమెరికాలో ఉన్న ఆమోదాన్ని అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ 2023లో ఉపసంహరించుకున్న సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు.

ఇక ప్యాకింగు. మన దేశంలో చట్టబద్ధంగా తయారైన ఏ ఇంజెక్షను సీసాను తిప్పి చూసినా మందు పేరు, పరిమాణం, తయారీదారు పేరు, చిరునామా, తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ, గరిష్ఠ చిల్లర ధర కనిపిస్తాయి. విదేశీ సరుకైతే దిగుమతిదారు పేరు, దిగుమతి లైసెన్సు నంబరు ఉంటాయి. చీటీ మీదే అమ్మవలసిన మందుల జాబితా అయిన షెడ్యూల్ హెచ్‌లోని మందు అయితే ఎడమ వైపు పై మూలన ‘ఆర్‌ఎక్స్’ గుర్తు, వైద్యుడి చీటీ లేకుండా చిల్లరగా అమ్మరాదన్న హెచ్చరిక ఉండి తీరాలి. మందు వికటించినప్పుడు ఆ బ్యాచ్ సీసాలన్నిటినీ ఊరూరి దుకాణాల నుంచి వెనక్కి రప్పించడానికి దారి చూపేది ఈ చిన్న అక్షరాలే. నా దుకాణానికి అలాంటి ఉత్తర్వు వస్తే, అరలు వెతికి ఆ నంబరున్న పెట్టెలను పక్కన పెట్టడానికి అరగంట కూడా పట్టదు.

ఈ సీసాల మీద బంగారు రంగు అక్షరాలున్నాయి, యూరప్‌లోని ప్రయోగశాల అనిపించే పేరుంది, మెరిసే హోలోగ్రామ్ ఉంది. చిరునామా లేదు, లైసెన్సు నంబరు లేదు, ధర లేదు. బ్యాచ్ నంబరు ఉంది, కానీ నూనె ఇంజెక్షనుకూ మాత్రల డబ్బాకూ ఒకే బ్యాచ్ నంబరు వేశారు. మందుల తయారీని ఒక్కసారైనా చూసినవారు చేయని పొరపాటు అది. డబ్బా మీద గీకితే బయటపడే ఒక కోడ్ కూడా ఉంది. దాన్ని వారి వెబ్‌సైటులో కొడితే ‘అసలైన ఉత్పత్తి’ అని పచ్చటి అక్షరాలు వచ్చాయి. చివరి రెండు అంకెలు మార్చి కొట్టినా అవే పచ్చటి అక్షరాలు వచ్చాయి. మా వాడు ఆ పచ్చటి అక్షరాలను ఫోటో తీసి దాచుకున్నాడు. “మామయ్యా, నేను చెక్ చేసే వాడాను” అని నాకు చూపించినప్పుడు నాకు కోపం రాలేదు, బాధ కలిగింది. వాడు జాగ్రత్త పడాలనే అనుకున్నాడు. ఆ జాగ్రత్తను కూడా అమ్మకందారుడే తయారుచేసి వాడి చేతిలో పెట్టాడు.

ఇలాంటి సీసాలు ఎలా పుడతాయో తెలియనివారి కోసం నాలుగు మాటలు. ముడి పొడి ఎక్కువగా చైనా నుంచి వస్తుంది. దాన్ని నూనెలో కలిపి సీసాల్లో నింపే పని లైసెన్సు లేని గదుల్లో జరుగుతుంది, లేబుళ్లు ఏ ముద్రణాలయంలోనైనా అచ్చవుతాయి. నాణ్యమైన కర్మాగారంలో ఇంజెక్షనుకు వాడే నూనెను సూక్ష్మక్రిములు లేని గాలిలో నింపుతారు, ప్రతి బ్యాచ్ నుంచి నమూనాలు తీసి క్రిములు పెరుగుతున్నాయేమో పరీక్షిస్తారు. గదిలో నింపిన సీసాకు ఆ పరీక్ష ఉండదు. మా వాడు వాడిన సీసాను ట్యూబ్‌లైటు ముందు పట్టుకుని చూస్తే నూనెలో సన్నటి నూగు తేలుతూ కనిపించింది. మూడో వారంలో వాడి కుడి పిరుదు మీద నిమ్మకాయంత గట్టి వాపు వచ్చి, వారం రోజులు కుర్చీలో ఒక పక్కకు ఒరిగి కూర్చున్నాడు. మోటారు సైకిలు మీద నుంచి పడ్డానని వాళ్లమ్మకు చెప్పాడు.

సరుకు లేబుల్ మీద రాసినదేనా అన్నది అసలు ప్రశ్న. ఐదో వారంలో మా వాడి ఎడమ రొమ్ము మొన కింద గోలీ అంత గడ్డ వచ్చింది. చొక్కా తగిలినా నొప్పి పుట్టేది. అప్పటికి గానీ వాడు నా దగ్గరికి రాలేదు. విషయం విన్న వెంటనే సరుకంతా తెప్పించి, వాడిని తెలిసిన హార్మోన్ల వైద్యుడి (ఎండోక్రైనాలజిస్టు) దగ్గరికి తీసుకువెళ్లి, ఆయన రాసిన రక్త పరీక్షలు చేయించాను. మగ హార్మోనైన టెస్టోస్టెరాన్, ఆ యంత్రం కొలవగలిగిన డెసిలీటరుకు 1,500 నానోగ్రాముల పరిమితిని దాటిపోయింది. ఆడ హార్మోనైన ఈస్ట్రోజన్‌లో ముఖ్య రకం ఎస్ట్రడయోల్ బాగా పెరిగింది. వృషణాలకు ఆజ్ఞ పంపే ఎల్‌హెచ్ హార్మోను దాదాపు సున్నాకు పడిపోయింది. పురుషులలో 40కి తగ్గకూడని మంచి కొలెస్ట్రాల్ 19 దగ్గర ఉంది.

మెథెనోలోన్, ఆక్సాండ్రోలోన్ రెండూ శరీరంలో ఈస్ట్రోజన్‌గా మారవు. అవి లోపలికి వెళితే మెదడు కింది పిట్యూటరీ గ్రంథి, ఒంట్లో మగ హార్మోను చాలినంత ఉందని భావించి ఎల్‌హెచ్ ఆపేస్తుంది, వృషణాల పని నెమ్మదిస్తుంది, కనుక రక్తంలో సొంత టెస్టోస్టెరాన్ తగ్గాలి. మా వాడి రక్తంలో తగ్గడం అటుంచి, యంత్రానికి అందనంత పెరిగింది. పైగా ఈస్ట్రోజన్ పెరిగి రొమ్ములో గడ్డ కట్టింది. దీని అర్థం ఒక్కటే. లేబుల్ మీద ఖరీదైన మందు పేరు రాసి, సీసాలో చవకైన టెస్టోస్టెరాన్ పోశారు. మాత్రల్లో ఏముందో ఈ రక్త పరీక్ష చెప్పదు. పోల్చడానికి ఒక సంగతి: వైద్యుడి చీటీ మీద చట్టబద్ధంగా దొరికే టెస్టోస్టెరాన్ ఇంజెక్షను ధర ఈ కోర్సు ధరలో చాలా చిన్న భాగం. సైడ్ ఎఫెక్టులు లేవని నమ్మించి, ఆ నమ్మకానికి ఎక్కువ ధర తీసుకుని, ఏ ప్రమాదాన్ని తప్పించుకోవాలని వాడు కోరుకున్నాడో సరిగ్గా దాన్నే ఎక్కించారు.

ఇది మా వాడి దురదృష్టం మాత్రమే అయితే నేను ఇంత వివరంగా రాసేవాడిని కాదు. చీకటి బజారులో దొరికిన స్టెరాయిడ్లను ప్రయోగశాలల్లో పరీక్షించిన 19 అధ్యయనాలను, మొత్తం 5,413 నమూనాలను కలిపి పరిశీలించి 2022లో ఒక సమీక్షా వ్యాసం వెలువడింది. అందులో సగటున 36 శాతం నమూనాలు నకిలీవిగా, 37 శాతం నాణ్యత తక్కువవిగా తేలాయి. నా దుకాణానికి వచ్చే ఏ డిస్ట్రిబ్యూటర్ సరుకైనా పది పెట్టెల్లో మూడుకు మించి నకిలీవని తేలితే, మరునాడు ఆయనతో లెక్కలు ముగించుకుంటాను.

అమ్మిన తరువాత సేవ ఎలా ఉందో కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ వ్యాపారానికి లాభం అక్కడే ఎక్కువని నాకు అర్థమైంది. పిరుదు వాపు గురించి చెబితే ట్రైనర్ ఒక యాంటీబయాటిక్ పేరు చెప్పాడు. రొమ్ము గడ్డ గురించి చెబితే టామోక్సిఫెన్ మాత్రలు తెచ్చి ఇచ్చాడు. అది రొమ్ము క్యాన్సర్ రోగులకు వైద్యుడు రాసే మందు. కోర్సు అయ్యాక ‘సిస్టమ్ మళ్లీ స్టార్ట్ కావడానికి’ వేసుకోవాలంటూ, వృషణాలను పనిచేయించే హార్మోనైన హెచ్‌సీజీ ఇంజెక్షన్లకు మరో 6,000 అడిగాడు. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉంచాలని చాలా కంపెనీలు పెట్టె మీదే రాసే మందు అది. దాన్ని ఏప్రిల్ ఎండలో ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి, బైకు డిక్కీలో తెచ్చాడు. ఒక మందు చేసిన నష్టానికి మరో మందు, దాని నష్టానికి ఇంకొకటి. ప్రతిసారీ డబ్బు అదే మూడో మనిషికి వెళ్లింది. ‘రక్త పరీక్ష చేయించుకో’ అన్న మాట మాత్రం ఐదు వారాల్లో ఒక్కసారీ రాలేదు.

మరొక సీసా గురించి ప్రత్యేకంగా రాయాలి. పరుగు పరీక్ష దగ్గర పడితే ‘గ్రౌండ్ రోజు’ కోసం మెఫెంటెర్మిన్ ఇంజెక్షను ఇప్పిస్తానని అదే ట్రైనర్ చెప్పాడు. ఆపరేషన్ థియేటర్లో వెన్నులో మత్తు ఇచ్చాక రక్తపోటు పడిపోతే, దాన్ని నిలబెట్టడానికి మత్తు డాక్టరు వాడే మందు ఇది. ఆరోగ్యంగా ఉన్న కుర్రాడి ఒంట్లోకి ఎక్కిస్తే గుండె వేగం, రక్తపోటు పెరిగి, అలసట తెలియని ఉత్సాహం వస్తుంది. గుండె లయ తప్పడానికి, మెదడులో రక్తనాళం చిట్లడానికి కూడా అదే దారి తీస్తుంది, అలవాటుగానూ మారుతుంది. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నిషేధ జాబితాలో ఇది ఉంది. హైదరాబాద్‌లో జిమ్ములకు వెళ్లే యువకులకు అమ్ముతుండగా పోలీసులు, ఔషధ నియంత్రణ అధికారులు ఈ ఇంజెక్షన్లను ఒకటికి మించిన సార్లు పట్టుకున్నారు. స్టెరాయిడ్ సీసాలా ఇది గదిలో తయారైన నకిలీ కాకపోవచ్చు. ఆసుపత్రికి చేరవలసిన అసలు మందే పక్కదారి పట్టి జిమ్ముకు చేరుతుంది. పక్కదారి పట్టించేవారిలో లైసెన్సున్న మావంటి దుకాణదారులు, ఏజెన్సీలవారు కూడా ఉన్నారు. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, కానీ చీటీ అడగకుండా కౌంటరు దాటించే మందు ఎక్కడికి పోతుందో మా వృత్తిలో ఉన్నవారికి తెలియనిది కాదు.

ఆ ట్రైనర్‌తో నేను మాట్లాడాను. గొడవ పడాలనే వెళ్లాను, పడలేకపోయాను. అతని వయసు ఇరవై ఏడు, జీతం 15,000, సొంత కోర్సుకే నెలకు అంతకు మించి ఖర్చవుతోంది. “అంకుల్, నాకు కూడా మా సీనియర్ ఇలాగే ఇచ్చాడు. బాడీ తగ్గితే క్లయింట్లు రారు” అన్నాడు. సరుకు అమ్మినప్పుడల్లా అతనికి మిగిలేది కమీషను కూడా కాదు, తన వాటా సరుకు మీద తగ్గింపు. తాను వాడేది అసలైనదేనని అతను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు. రక్త పరీక్ష ఎప్పుడు చేయించుకున్నావని అడిగితే సమాధానం చెప్పలేదు. డెన్మార్క్‌లో జిమ్ములలోనే డోపింగ్ పరీక్షలు చేసే ఏర్పాటు ఉంది. అక్కడ అలా పట్టుబడ్డ 1,189 మంది పురుషులను సగటున పదకొండేళ్లు గమనించి చూస్తే, అదే వయసున్న ఇతరులతో పోల్చినప్పుడు వారిలో మరణాల రేటు దాదాపు 2.8 రెట్లు ఉందని 2024లో ప్రచురించారు. ఆ సంగతి అతనికి చెప్పాను. తల వంచుకుని విన్నాడు, అంతలో ఎవరో పిలిస్తే వెళ్లిపోయాడు.

మన దగ్గర జిమ్ములో చేరే సాధారణ యువకుడిని పరీక్షించేవారు లేరు. పోటీల్లో పాల్గొనే క్రీడాకారులకైతే జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ, నాడా ఉంది. 2023లో మన దేశం పరీక్షించిన 5,606 నమూనాలలో 213 పట్టుబడ్డాయి. ఆ సెప్టెంబరులోనే ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలకు నాడా అధికారులు వచ్చారన్న కబురు పాకగానే, పురుషుల వంద మీటర్ల ఫైనల్‌లో ఒకే ఒక్కడు పరుగెత్తాడు. క్రీడాకారుడికి కనీసం పట్టుబడతానన్న భయమైనా ఉంటుంది. అద్దం ముందు నిలబడే కుర్రాడికి ఆ భయం కూడా లేదు.

చట్టం గురించి చాలామందిలో ఒక పొరపాటు ఉంది. స్టెరాయిడ్లు గంజాయిలాంటి మాదకద్రవ్యాల చట్టం కిందికి రావు గనుక తప్పేమీ కాదని జిమ్ములలో చెప్పుకుంటారు. ఆ చట్టం కిందికి రావన్నది నిజమే. అయితే లైసెన్సు లేకుండా మందు అమ్మడం 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టంలోని 18(సి) సెక్షను ప్రకారం నేరం, దానికి మూడేళ్లకు తగ్గకుండా ఐదేళ్ల వరకు జైలు, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా ఉన్నాయి. ఈ సెక్షను పట్టుకునేది తయారుచేసేవాడిని, అమ్మేవాడిని, అమ్మకానికి నిల్వ ఉంచేవాడిని. కొని మోసపోయిన పిల్లలు, వారి తల్లిదండ్రులు ఫిర్యాదు చేయడానికి జంకనక్కరలేదు. అదే చట్టంలోని 26వ సెక్షను ప్రకారం, తాను కొన్న మందును నిర్ణీత రుసుము కట్టి ప్రభుత్వ విశ్లేషకుడి దగ్గర పరీక్ష చేయించుకునే హక్కు ఎవరికైనా ఉంది. దానికి ఫారం 14-ఎ నింపాలి. ఇన్నేళ్ల వృత్తిలో ఆ ఫారం నింపిన కొనుగోలుదారుణ్ణి నేను ఒక్కరిని కూడా చూడలేదు.

జిమ్ము యజమానికి లేబుళ్లు, రక్త పరీక్ష కాగితాలు చూపించాను. తనకు తెలియదన్నాడు, ట్రైనర్ల సొంత వ్యవహారమన్నాడు. లాకరు గది పక్కన ఉన్న ఆ చిన్న ఫ్రిజ్ ఎవరిదని అడిగితే మంచినీళ్ల సీసాల కోసమన్నాడు. మిగిలిన ఎనిమిది నెలల రుసుము తిరిగి ఇస్తానని తనంతట తానే చెప్పి ఇచ్చేశాడు. దాన్ని నేను మంచితనంగా లెక్కించడం లేదు.

యంత్రాలు, శుభ్రత చూసి ఐదులో నాలుగు ఇవ్వవలసిన జిమ్ముకు ఒకటి ఇస్తున్నాను. కోర్సుకు ఇవ్వడానికి ఒకటి కూడా లేదు. మా వాడు వైద్యుడి పర్యవేక్షణలో అన్నీ ఆపేసి నాలుగు నెలలైంది. ఎల్‌హెచ్ నెమ్మదిగా పెరుగుతోంది, గడ్డ మాత్రం ఇంకా ఉంది, అది కరగకపోతే చిన్న ఆపరేషను అవసరం కావచ్చని వైద్యుడు చెప్పారు. ఆపిన మొదటి రెండు నెలలు వాడు ఎవరితోనూ మాట్లాడకుండా, మధ్యాహ్నం దాకా పడుకునే ఉండేవాడు. హార్మోను పడిపోయినప్పుడు మనసు కూడా అలా కుంగుతుందని ముందే తెలుసు గనుక మా అక్క ఇంట్లోనే రాత్రిళ్లు ఉన్నాను. ఇప్పుడు తెల్లవారుజామున మైదానానికి వెళుతున్నాడు. నేను గడియారం పట్టుకుని నిలబడతాను.

సీలు తీయని రెండో సీసాను, ఫారం 14-ఎతో పాటు, పోయిన నెలలో పరీక్షకు పంపాను. నివేదిక రాగానే అందులో ఏముందో ఈ సమీక్ష కిందనే చేరుస్తాను.